బండ వేషం ప్రత్యక్ష ప్రసారం

దామోదరం వీధి కుక్కను కూడా "దయచేసి పక్కకు జరగండి" అంటాడని తిరుపతి పాతవూళ్లో ఒక ఎకసెక్కం ఉంది. అందులో అబద్ధం తక్కువే. కూరగాయల బండామెతో, కరెంటు లైన్‌మన్‌తో, ఇంట్లో భార్యతో కూడా ఆయన మాట్లాడేది ఒకే భాష, వార్తల భాష. ఎవరైనా వస్తే 'వచ్చినాడు' అనడు, 'విచ్చేశారు' అంటాడు. వాన పడితే 'వర్షం కురుస్తున్నది' అంటాడు. వినేవాళ్లు తడిసిపోతున్నా సరే, వాక్యం పూర్తిచేసిగానీ గొడుగు తెరవడు.

ఆ భాష ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు. వయసులో ఉన్నప్పుడు రేడియోలో అనౌన్సర్ కావాలని మహా కోరిక. గొంతు పరీక్షకు వెళ్లాడు. గొంతు బాగుందన్నారు. కానీ చేతిలో పెట్టిన కాగితంలో 'చల్లని' అని ఉన్నచోట 'సల్లని' అన్నాడు, 'చూచెదరు' అని ఉన్నచోట 'సూసెదరు' అన్నాడు. పరీక్ష పెట్టిన పెద్దాయన మంచివాడే, నొప్పించాలని కాదు గానీ, "గొంతు మీదే బాబూ, అక్షరమే మీది కాదు" అని నవ్వాడు. ఆ నవ్వు దామోదరాన్ని చాలాకాలం నిద్రపోనివ్వలేదు. అద్దం ముందు నిలబడి చ, చ, చ అని సాధన చేసి, నాలుక మీద నుంచి సొంత ఊరిని శుభ్రంగా కడిగేసుకున్నాడు. ఇంత చేసినా రేడియో ఉద్యోగం మాత్రం రాలేదు.

అనౌన్సర్ కాలేని మనిషి కేబుల్ ఆపరేటర్ అయ్యాడు. మేడల మీద తీగలు లాగాడు, కోతులు తెంచితే మళ్లీ లాగాడు, రూలు ప్రకారం ఆపరేటరుగా పోస్టాఫీసులో రిజిస్ట్రేషన్ చేయించుకున్నాడు. కొన్నేళ్లకు తాతయ్యగుంట దగ్గరి ఒక గదిలో సొంతంగా లోకల్ చానెల్ కూడా మొదలుపెట్టాడు. చానెల్ అంటే ఒక కంప్యూటరు, ఒక మైకు, పెళ్లి వీడియోలు తీసే మునికుమార్ కెమెరా. ఏ వీధికి నీళ్లు ఎప్పుడు వదులుతారో, ఎవరి మేక తప్పిపోయిందో దామోదరం గొంతులో వింటే ఢిల్లీ కబురేమో అనిపించేది.

ఫోన్లొచ్చాక లోకల్ చానెల్ చూసేవాళ్లు తగ్గిపోయారు. అయినా మే నెలలో గంగమ్మ జాతర వారం వచ్చిందంటే పాతవూరంతా దామోదరం తీగకే కట్టుబడుతుంది. జాతరలో రోజుకొక వేషం. అందులో బండ వేషం నాడు మగవాళ్లు ఒళ్లంతా కుంకుమ పూసుకుని, వేపాకు కట్టుకుని, ఎదురొచ్చినవాళ్లను ఎదురొచ్చినట్టు బూతులు తిడుతూ గుడికి పోతారు. పెద్దా చిన్నా, ఆఫీసరూ అటెండరూ అన్న తేడా లేదు. తిట్టినవాడికి పాపం లేదు, తిట్టించుకున్నవాడికి కోపం లేదు. ఆ నోటితో తిట్టేది మనిషి కాదు, గంగమ్మే అని ఊరి నమ్మకం. ఆ రోజు తిట్టు తగిలితే ఏడాది పొడుగునా దిష్టి తగలదంటారు.

ఆ ప్రసారం కోసం అందరికంటే ఎక్కువగా ఎదురుచూసే మనిషి దామోదరం ఇంట్లోనే ఉంది. ఆయన అత్తగారు కుప్పమ్మ.

కుప్పమ్మ భర్త తులసీరాంకు గుడి వీధిలో టెంకాయల కొట్టు ఉండేది. ఏడాదంతా పిల్లిలా తిరిగే మనిషి. బండ వేషం నాడు మాత్రం ఎర్రగా భగభగలాడుతూ మొదట తన గుమ్మం ముందే నిలబడేవాడు. "ఏమే, ఉప్పులేని సంగటి మొగందానా!" అని ఎత్తుకుని, అక్కడి నుంచి రాయకూడనివన్నీ తిట్టేవాడు. ఊళ్లో తిట్లన్నీ అందరివీ. ఆ ఉప్పులేని సంగటి మాత్రం తులసీరాం సొంత సరుకు, దాన్ని పెళ్లానికి తప్ప ఎవరికీ వాడేవాడు కాదు. కుప్పమ్మ పసుపునీళ్లు ఆయన కాళ్ల మీద పోసి, దండం పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. కొత్తల్లుడు దామోదరం మొదటి ఏడాది ఆ తిట్లు విని గోడకు అతుక్కుపోయాడు.

తులసీరాం పోయాక కుప్పమ్మ కూతురు జ్ఞానాంబ దగ్గరికి వచ్చేసింది. వాళ్లు ఉండేది రేణిగుంట రోడ్డులో మూడో అంతస్తు. అంత దూరం ఏ వేషమూ రాదు. కాళ్లున్నంతకాలం ఆమే బస్సెక్కి పాతవూరికి వెళ్లి, వేషగాళ్లకు ఎదురు నిలబడి తిట్టించుకుని వచ్చేది. తుంటి ఎముక విరిగి మంచం పట్టాక ఆమెకు జాతరంటే అల్లుడి చానెలే. టీవీకి అడుగు దూరంలో మంచం వేయించుకుని, ప్రత్యక్ష ప్రసారంలో తిట్టొచ్చిన ప్రతిసారీ తనకే అన్నట్టు చేతులు జోడించేది. "ఆ కేకల్లో మీ నాయన గొంతు ఎతుక్కుంటానే జ్ఞానా. యాడో ఒకతావ ఉంటాదేమోనని" అని కూతురితో ఒకసారి అంది. అల్లుడు పక్కగదిలో ఉండి విన్నాడు.

అట్లాంటి ప్రసారం మీద కిందటేడు జిల్లా కమిటీకి ఫిర్యాదు వెళ్లింది.

రాసింది గిరిప్రసాద్ అనే రిటైర్డు బ్యాంకు ఉద్యోగి. కోస్తా నుంచి, స్వామి సన్నిధిలో శేషజీవితం గడుపుదామని తిరుపతి వచ్చి స్థిరపడ్డాడు. బండ వేషం నాడు ఆయన సుప్రభాతంలాంటి కార్యక్రమమేదో వస్తుందనుకుని చానెల్ పెట్టి స్నానానికి వెళ్లాడట. మనవరాలు టీవీ ముందే కూర్చుంది. మర్నాడు వియ్యంకుడు తిరుమల దర్శనం చేసుకుని లడ్డూ సంచితో ఇంటికి వస్తే, ఆ పిల్ల బుగ్గలకు కుంకుమ పూసుకుని ఎదురెళ్లి, నేర్చుకున్నదంతా ఆయనకు అప్పజెప్పింది. వియ్యంకుడు లడ్డూ కూడా ఇవ్వకుండా వెళ్లిపోయాడు.

ప్రైవేటు చానెళ్లలో ఏం వస్తుందో చూసేందుకు జిల్లాలో ఒక కమిటీ ఉంటుందని దామోదరానికి తెలుసు. అది తన గడప తొక్కుతుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు. నోటీసు ఇంటికొచ్చినప్పుడు ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ప్రసార నియమావళి ఉల్లంఘన, అసభ్యత, ప్రసారం ఎందుకు నిలిపివేయకూడదో తెలుపవలెను అని రాసి ఉంది. జీవితంలో ఒక్క బూతు మాట పలకనివాడి మీద బూతు కేసు! మునికుమార్‌కు నవ్వాగలేదు.

"ఏమప్పా దామోదరా, ఊరంతా తిడితే వాళ్లకేమీ లేదు, చూపించిన పాపానికి నువ్వు దొంగవైపోతివే!"

"ఇది పరిహాసమాడవలసిన సమయం కాదు" అన్నాడు దామోదరం.

కుప్పమ్మకు సంగతి తెలిసి అల్లుణ్ణి పిలిచింది. "చానెల్ మూసేస్తారా?"

"అట్టి అవకాశం లేకపోలేదు, అత్తగారూ."

"చానెల్ పోతే పోనీ అల్లుడా, నీకు తీగల పనుండాది. నా జాతర పోతాదే. నేను లేసి పొయ్యేదానికి కాళ్లు లేవు." ఆ మాట దామోదరానికి నోటీసు కంటే బరువుగా తగిలింది.

విచారణ కలెక్టరాఫీసులో. అధ్యక్షత వహించిన అధికారి తేజస్విని. పక్కన పోలీసు శాఖ నుంచి ఒకరు, సమాచార శాఖ నుంచి ఒకరు, మహిళా కళాశాల ప్రిన్సిపల్ అమల. ఓ మూల గిరిప్రసాద్. ఫిర్యాదులో ఆ మాటలు రాయాల్సినచోట చుక్కలు పెట్టాడు. చదవాల్సిన ఉద్యోగి చుక్కల దగ్గర దగ్గి ముందుకు వెళ్లాడు. ఇలా కాదని రికార్డింగ్ వేశారు.

తెర మీద ఒక ఎర్రటి ముఖం. నోరు తెరిచి, ఎదురుగా నిలబడ్డ పెద్దమనిషిని ఏడు తరాల దాకా తిడుతున్నాడు. సరిగ్గా ఆ తిట్ల మీదే, తేనెలో ముంచినట్టు, దామోదరం గొంతు: "భక్తులు తన్మయత్వంతో అమ్మవారి ఆశీర్వచనాలను అందుకుంటున్న అపురూప దృశ్యాన్ని మీరిప్పుడు తిలకిస్తున్నారు."

పోలీసాయన కిటికీ వైపు తిరిగిపోయాడు. అమలమ్మ చేతిరుమాలు తీసింది. తేజస్విని మాత్రం పెదవి బిగబట్టి అడిగింది.

"మీరు పక్కనే ఉన్నారు కదా. ఆ మాటలు మీకు వినపడలేదా?"

"వినపడ్డాయి మేడమ్" అన్నాడు దామోదరం. తరువాతి మాట వెతుక్కున్నాడు. వార్తల భాషలో దానికి మాట దొరకలేదు. "తిట్లుగా వినపడలేదు."

అబద్ధమాడటం లేదని అందరికీ అర్థమైంది. అయితే అమలమ్మ రుమాలు మడిచి పెట్టి, నెమ్మదిగా చెప్పింది. "నేనూ తిరుపతిదాన్నేనండీ. చిన్నప్పుడు బండ వేషం నాడు మా నాన్న మమ్మల్ని తీసుకెళ్లి మరీ తిట్టించేవాడు. కానీ జాతరకు పోయేవాళ్లు తెలిసి పోతారు. టీవీ అట్లా కాదు, తెలియనివాళ్ల ఇంట్లోకి కూడా చెప్పకుండా వచ్చేస్తుంది. ఆ పసిపిల్లకు అది ఆశీర్వాదమని ఎవరు చెప్పాలి?"

ఆమె అన్నది న్యాయమేనని దామోదరానికి అనిపించింది.

తీర్పు కటువుగా లేదు. ఈసారికి హెచ్చరిక. చానెల్ ఉంటుంది, జాతరా చూపించవచ్చు. బండ వేషం మాత్రం ప్రత్యక్షంగా వేయకూడదు. ముందు రికార్డు చేసి, అభ్యంతరకరమైన మాటలు తీసేసి, తరువాత వేయాలి. మళ్లీ పొరపాటు జరిగితే పరికరాలు స్వాధీనం చేసుకుంటారు. దామోదరం సంతకం పెట్టాడు. వరండాలో గిరిప్రసాద్ ఎదురొచ్చి ఇబ్బందిగా నిలబడ్డాడు.

"మూయించమని రాయలేదండీ నేను. మా వియ్యంకుడు ఇప్పటికీ ఫోనెత్తడం లేదు, ఆ ఉక్రోషంలో రాశాను."

"పొరపాటు నా వైపే జరిగిందండీ" అన్నాడు దామోదరం. ఇద్దరూ బయట బండి దగ్గర టీ తాగి ఎవరి దారిన వాళ్లు పోయారు.

ఈ ఏడు మళ్లీ జాతర వచ్చింది. బండ వేషం నాడు పొద్దున్నే మునికుమార్ అంతా రికార్డు చేసుకొచ్చి కంప్యూటర్‌లో వేశాడు. దామోదరం చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కత్తెర పనికి కూర్చున్నాడు. బూతు వచ్చినచోట మాట తీసేసి డప్పు దెబ్బ పెట్టాలి. అప్పుడు తెలిసొచ్చింది అసలు సంగతి. ఇన్నేళ్లుగా చెవిని తాకి జారిపోయిన తిట్లను ఇప్పుడు ఒక్కొక్కటే వెనక్కి తిప్పి, ముందుకు తిప్పి, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో శ్రద్ధగా వినాలి. వినకపోతే కోయలేడు. కమిటీ పుణ్యమా అని మధ్యాహ్నానికల్లా ఆయనకు తిరుపతి తిట్లన్నీ కంఠతా వచ్చేశాయి.

మధ్యాహ్నం ప్రసారమైంది. కాసేపటికే జ్ఞానాంబ ఫోను. "అమ్మ అన్నం ముట్టలేదు. నువ్వు బిన్నా, ఉన్నపళంగా రా."

ఇంటికి వెళ్లేసరికి కుప్పమ్మ టీవీ వైపు వీపు పెట్టి పడుకుని ఉంది. తెర మీద ఎర్రటి మనుషులు నోళ్లు తెరుస్తున్నారు. మాటకు బదులు డప్పు. ఢమ్. ఢమ్. ఢమ్.

"ఏమి జాతరప్పా ఇది?" అంది గోడను చూస్తూనే. "అందురూ నోరు తెరస్తా ఉండారు, ఒక్కడికీ మాట రాలే. గంగమ్మకు నోరు పడిపోయినట్టుండాది."

దామోదరం ఫోను తీశాడు. కోయని రికార్డింగ్ అందులో దాచి తెచ్చాడు. ఇంట్లో అత్తగారికి చూపిస్తే కమిటీకి వచ్చిన నష్టం లేదు. ఆమె ఒక తిట్టు విని చేత్తో పక్కకు నెట్టేసింది.

"ఇది పొద్దున ఎవురినో తిట్టింది. పోయినేడు వాళ్లు తిట్టేటప్పుడే నేను సూస్తా ఉన్నా, ఆడ వాళ్ల ముందర నిలబడినట్టే ఉన్నింది. ఇది అయిపోయిన తిట్టు. సద్దికూడు."

"అట్లయితే మునికుమార్‌ను వేషం వేసుకుని రమ్మని కోరెదను" అన్నాడు.

"పిలిపించి తిట్టించుకునేదానికి అదేమన్నా పేరంటమా? అది దానంతట అది రావాల." దుప్పటి మీదికి లాక్కుంది. తరువాత మెల్లగా అంది. "ఈ ఏడు నన్నెవురూ తిట్టలేదు. పోనీలే అల్లుడా. బతికుండే మనిసినే గదా ఎవురైనా తిట్టేది."

దామోదరం వంటింట్లోకి వెళ్లి నిలబడ్డాడు. కమిటీ మీద కోపం రాలేదు, గిరిప్రసాద్ మీదా రాలేదు. వాళ్లెవరూ తప్పు చేయలేదు. అయినా ఒక ముసలిప్రాణం గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ తిట్లను కోసింది తన చేత్తోనే. తెర మీద డప్పు మోగినచోటల్లా ఆమె తులసీరాం కోసం చెవి రిక్కించి ఉంటుందని తలుచుకుంటే ఆయనకు ఏడుపొచ్చింది. నిజంగానే ఏడ్చాడు కూడా, పోపులపెట్టె ముందు నిలబడి.

తరువాత కళ్లు తుడుచుకుని, దేవుడి అలమారలో కుంకుమ భరిణె తీసుకుని, మెట్లు దిగి వెళ్లాడు.

పొద్దు వాలుతుండగా తలుపు దబదబా మోగింది. జ్ఞానాంబ తీసి, కెవ్వుమంది. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, నడుముకు వేపమండలు, మెడ నుంచి నెత్తి దాకా కుంకుమ. కింది అంతస్తువాళ్లు మెట్ల మీద వరుసగా నిలబడి ఉన్నారు. ఆ మనిషి ఎవరినీ చూడకుండా నేరుగా మంచం దగ్గరికి వెళ్లాడు. కుప్పమ్మ తల తిప్పింది.

"ఓ..." అన్నాడు దామోదరం. నాలుక మెలిపడింది. "ఓ ఉప్పు లేని సంగటి వంటి ముఖము గలదానా..."

కుప్పమ్మ రెప్ప వేయకుండా చూసింది. ఆ మాట గుర్తుపట్టింది. అయినా తేలిగ్గా వదలలేదు.

"ఏందప్పా, వార్తలు సదవతా ఉండావా?"

మెట్ల మీద ఎవరో కిసుక్కుమన్నారు. దామోదరం కళ్లు మూసుకున్నాడు. అద్దం ముందు నిలబడి నేర్చిన చ, చ, చలన్నీ ఒక్క ఊపిరిలో మింగేశాడు.

"ఏమే! ఉప్పులేని సంగటి మొగందానా! సూస్తావేందే గుడ్లప్పగించి! సస్తానని సెప్తావా నాతో? నువ్వు సస్తే తిట్టేదానికి నాకెవురుండారే, ముసిలి ముండా!"

అక్కడి నుంచి ఆయన అన్నవి ఇక్కడ రాయడానికి లేదు. ఇది కూడా ఎవరి ఇంట్లోకి పడితే వాళ్ల ఇంట్లోకి పోయే రాత. ఇక్కడ డప్పు మోగిందనుకోండి. చాలాసేపు మోగిందనుకోండి. పొద్దునంతా కోసిపారేసినవాటిలో ఒక్కటి కూడా వృథా పోలేదు. ప్రతి 'చ' దగ్గరా 'స' పలికింది. జ్ఞానాంబ గోడకు అతుక్కుపోయింది.

ఊపిరాడక ఆయన ఆగేసరికి కుప్పమ్మ రెండు చేతులూ జోడించి ఉంది. నవ్వుతూ ఉంది, కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి. "తల్లీ, గంగమ్మా" అంది. వేలితో అల్లుడి చెంప మీది కుంకుమ కాస్త తీసుకుని, తులసీరాం పోయినప్పటి నుంచి బోసిగా ఉన్న నుదుటి మీద పెట్టుకుంది.

"ఆ సంగటి మాట నీకెట్ల గుర్తుండాది?"

"మరిసిపోతే గదా అత్తా" అన్నాడు దామోదరం. ఆ రోజుకిక ఆయన నోటికి 'చ' తిరగలేదు.

కుప్పమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. లేచి కూర్చోవడానికి చెయ్యి చాచింది.

"జ్ఞానా, అన్నం పెట్టు. మీ నాయన వచ్చిపోయినాడు."